లోతు తక్కువ సముద్రం

కామారెడ్డిలో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని నేను సముద్రాన్ని పంచుతుంటాను. అబద్ధం కాదు. ఓడలు ఎటు పోవాలి, వలలు ఎక్కడ వేయాలి, తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డును ఎంత మేర ముట్టకుండా వదిలేయాలి అని ముందే గీసి పెట్టుకునే పటాలుంటాయి. వాటికి కావలసిన వివరాలు ఆన్‌లైన్ పోర్టల్‌లో పొరలు పొరలుగా దొరుకుతాయి. ఒక పొర నొక్కితే లోతు, ఇంకొకటి నొక్కితే నీటి ప్రవాహం. అందులో తప్పులు దిద్దే కాంట్రాక్టు పని నాది. ఇంతవరకు నిజం. నేను మౌస్ కదిపితే ఓడ మలుపు తిరుగుతుందన్నది మాత్రం చాయ్ హోటల్ కోసం నేను చేర్చుకున్నది. రెండో చాయ్ వచ్చేసరికి సొరచేపలతో పరిచయాలు కూడా ఉంటాయి. నిజానికి అప్పటికి నేను సముద్రాన్ని చూసింది తెర మీదే.

ఈ కథలన్నీ నమ్మిన ఒకే ఒక్క మనిషి, ఎల్లారెడ్డి పక్క పల్లెలో ఉండే మా పెద్దమ్మ. బతుకంతా నాట్లు వేసింది. సముద్రంలో ఒక్కసారి కాళ్లు పెట్టాలని ఆమె కోరిక. కానీ పారే నీళ్లంటే భయం. చిన్నప్పుడు నిజాంసాగర్ కాలువ లాక్కుపోతుంటే ఎవరో జడ పట్టుకుని బయటికి తీశారట.

మొన్న ఎండాకాలం ఆ పల్లె ఆడవాళ్లు వ్యాను మాట్లాడుకుని కోస్తాకు బయలుదేరుతుంటే నాకు ఫోన్ చేసింది.

"కొడుకా, సముద్రం మనిషిని గుంజుకపోతదట గదరా?"

"నేనుంటే ఎట్ల గుంజుతది పెద్దమ్మా? దాని గుట్టంత నా దగ్గరనే ఉన్నది."

"గుంజని జాగ ఉంటే చెప్పు, వస్త. లేకుంటే ఇంట్లనే ఉంట. ఇగ మల్ల గింత దూరం పోవుడు నాతోని కాదు."

ఆ మాటకు కోతలు ఆపి పోర్టల్ తెరిచాను. ఓడల దారి తీసేశాను. తాబేళ్ల ఒడ్డు తీసేశాను. ప్రవాహం జోరుగా ఉన్న చోట్లన్నీ తీసేశాను. మిగిలిన దాంట్లో లోతు గీతలు బాగా ఎడంగా ఉన్న చోటు వెతికాను. గీతలు ఎంత ఎడంగా ఉంటే నేల అంత మెల్లగా దిగుతుంది. అట్లాంటి ఒడ్డు ఒకటి దొరికింది. ఎంత నడిచినా మోకాలి లోతు దాటదు. నేనే గైడునై వ్యాను ముందు సీట్లో కూర్చున్నాను. వ్యాను ఊరి పొలిమేర దాటకముందే, దారి తప్పిన తిమింగలానికి నేను తోవ చూపిన కథ మొదలైంది.

తీరా దిగి చూస్తే సముద్రం లేదు. కనుచూపు మేరా బురద. ఆ చివరన సన్నటి నీలం గీత. నీళ్లు వెనక్కి పోయే ఆటు వేళకు వచ్చాం. లోతు చూశాను గానీ, అడుగున ఇసుకా బురదా అని చెప్పే పొర పక్కనే ఉన్నా నొక్కలేదు.

"ఏందయ్యా, నీళ్లన్ని నువ్వే తాగినవా?" అంది పెద్దమ్మ కోడలు. నాకు వదిన అవుతుంది, వదలదు.

"నీళ్లు దిగినంక నిజాంసాగర్ గిట్లనే ఉంటది. దీనికోసం గింత దూరమా?" అంది ఇంకొకామె.

పెద్దమ్మ ఆ నీలం గీతనే చూస్తోంది. అదే ఎక్కువ గుచ్చుకుంది. నీళ్లు ఎంత దూరమో చూసొస్తానని దిగాను. నాలుగడుగులు వేశానో లేదో ఒక కాలు మోకాలి దాకా కూరుకుపోయింది. కాలు పీకితే చెప్పు రాలేదు. చెప్పు కోసం వంగితే రెండో కాలు కూడా దిగబడింది.

"నీ తిమింగలాన్ని పిలువు, అదే గుంజుతది!" అని ఒడ్డు మీంచి వదిన.

పెద్దమ్మ వంగి కాస్త బురద తీసి వేళ్ల మధ్య నలిపింది. కొంగు నడుముకు చెక్కి, కుచ్చెళ్లు మోకాళ్ల పైకి ఎగగట్టి దిగింది. కాలు ఇట్లా ఆనడం, అట్లా లేవడం. నా పక్కనుంచే నడిచిపోతోంది.

"పెద్దమ్మా, ఆగు! నేనొస్త!"

"నువ్వు ఆడనే ఉండు బిడ్డా. నాట్ల మడి గిది. దీంట్ల నాకు భయమేంది?"

వెనకే మిగతా ఆడవాళ్లు కూడా చీరలు ఎగగట్టి, ముచ్చట్లు పెట్టుకుంటూ, నాట్లకు పోయినట్టే వరసగా నడిచారు. దూరాన నీలం గీత దగ్గర ఆగారు. మొదటి అల వచ్చినప్పుడు పెద్దమ్మ తన కోడలి చేయి గట్టిగా పట్టుకుంది. రెండో అలకు వదిలేసింది. మూడో అల వచ్చేసరికి అందరికంటే ముందు నిలబడి ఉంది.

"కొడుకా! గుంజుతలేదురా!" అని అరిచింది.

నాకు చేతులు మాత్రమే ఖాళీగా ఉన్నాయి. రెండూ ఊపాను.