ఛాతీ ఎత్తులో గీరిన దేవకాంచనాలు

మొన్న మార్చిలో, ఇక్కడ గల్ఫ్‌లో సముద్రం ఒడ్డునున్న సీబ్‌లో మేము అప్పుడే ఏసీలు వేసుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో, జబల్ అఖ్దర్ కొండ మీద తెల్లవారేసరికి గడ్డి తెల్లగా గడ్డకట్టిన ఫోటో ఒకటి మా పాత కంపెనీ గ్రూపులో కనిపించింది. మిగతావాళ్ళు చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను ఫోన్ బోర్లించాను. గల్ఫ్‌లో చలికి చెట్లు మాడతాయంటే మన వైపు ఎవరూ నమ్మరు గాని, అలా మాడినవాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టినవాణ్ణి నేను.

ఇరవై మూడేళ్ళ వయసులో నన్ను ఈ దేశానికి తెచ్చింది మా మేనమామ. కడియం నర్సరీల్లో అంట్లు కట్టి చేయి తిరిగిన మనిషి. ఆ కొండ మీద ఒక హోటల్‌కు తోట వేసే సైట్‌లో ఆయన పెద్ద మేస్త్రి. పదో తరగతి తప్పినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను కనుక స్టోరు, హాజరు, నీళ్ళ మీటరు నాకు అప్పగించారు. హోటల్ దారికి రెండు పక్కలా నూట నలభై దేవకాంచనం చెట్లు ఉండేవి. సీబ్ వేడిలో పెరిగి లారీల మీద కొండెక్కినవి. వాటిని ఎంచింది మా సైట్ ఇంజనీరు, నాటింది మావయ్య.

చలికాలం పోయిందనుకుని అవి లేత చిగుళ్ళు వేశాక, ఒక రాత్రి మంచు గడ్డకట్టింది. పొద్దున్నకి ఆకులు ఉడికిన తోటకూరలా వేలాడి, మూడో రోజుకు నల్లబడ్డాయి. మావయ్య ఎవరినీ కత్తెర పట్టనివ్వలేదు. నీళ్ళు సగానికి తగ్గించాడు, ఎరువు ఆపించాడు, మొదళ్ళకు గోనెలు చుట్టించి పాదుల్లో ఎండు ఖర్జూరపు మట్టలు పరిపించాడు. మాడిన కొమ్మలే కింద కొమ్మలకు కప్పు అని ఆయన నమ్మకం.

ఇంజనీరుది హైదరాబాదు. హోటల్ వాళ్ళు తొందరపెడుతుంటే, ఎన్ని చెట్లు పోయాయో లెక్క కోసం నా దగ్గరికొచ్చి, "నెంబర్ చెప్పు భయ్యా, కతలొద్దు," అన్నాడు. సగానికి మించి పోతే, పోయినవన్నీ పీకి కొత్తవి వేసి, మేస్త్రిని ఇంటికి పంపుతామని కంపెనీ అప్పటికే చెప్పేసింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసు కనుకనే, మేనమామ కోసం దొంగ లెక్క రాశాడని ఎవరూ అనకూడదని, అన్ని చెట్లకూ ఒకే కొలత పెట్టుకున్నాను: ఛాతీ ఎత్తులో గోటితో బెరడు గీరడం, పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమరంగుంటే చచ్చినట్టు.

మావయ్య నా వెనకే నడుస్తూ, "వంగి మొదట్లో గీరవయ్యా అల్లుడూ, నడుం అరిగిపోదులే. ఆరు వారాలాగి రాసుకో నీ లెక్క," అన్నాడు.

అప్పటికే కొన్నింటిని పైన గీరాను, మిగతావి కింద గీరితే లెక్క లెక్క కాదని నేను వంగలేదు. నూట నలభైలో తొంభై ఏడు పోయాయని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.

వారంలో మావయ్య వీసా రద్దయింది. ఎయిర్‌పోర్టుకు కంపెనీ బండిలో నేనే దింపాను. దారి పొడుగునా ఆయన మాట్లాడింది గోనెల గురించే, ఎండ ముదిరితే విప్పించమని. ఆయన వెళ్ళిన మర్నాడే జేసీబీ వచ్చి నేను చచ్చాయన్న వాటిని పీకడం మొదలుపెట్టింది. వాటిలో దారి చివర, పంపు గది వెనక ఇరుకులో ఉన్న పందొమ్మిదింటి దగ్గరికి మాత్రం అది వెళ్ళలేకపోయింది. ఆరో వారానికి ఆ పందొమ్మిదిలో పదిహేడు, మోకాలి కిందనుంచి, గోనెలు చుట్టిన చోట చిగురు తోశాయి. ఆ లెక్కన, పీకిన డెబ్బై ఎనిమిదిలో డెబ్బై దాకా ప్రాణంతోనే పోయి ఉంటాయి.

ఇంజనీరుకు చెప్పాను. కొత్త మొక్కలు అప్పటికే లారీల్లో బయల్దేరాయన్నాడు. మావయ్యకు ఫోన్ చేశాను. "చెట్టుకు ఏపుగా ఉన్న చిగుళ్ళు రెండే ఉంచి మిగతావి గిల్లెయ్," అన్నాడు. ఆయన కడియంలో ఎవరి నర్సరీలోనో సంచుల్లో మట్టి నింపుతూ నాలుగేళ్ళు బతికాడు. ఒక్కసారైనా నన్ను తప్పుపట్టలేదు. అలా పట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆ కొండ మీద చలి ఎన్ని డిగ్రీలకు దిగుతుందో ముందురోజే ఫోన్లు చెబుతాయి, తెల్ల గుడ్డలు కప్పే మనుషులూ ఉన్నారు. నెంబరు సాయంత్రానికే కావాలనడం మాత్రం మా రోజులకంటే పెరిగింది. ఆగమనే మేస్త్రులు తగ్గిపోయారు. ఆ డెబ్బై చెట్ల లెక్క నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.