పాపాయమ్మగారి లంకకు

పొద్దున్నే ఫోన్ వచ్చింది. పాపాయమ్మగారు పోయారని, మధ్యాహ్నం దాటితే ఉంచరని, రాగలిగితే రమ్మని ఆవిడ మేనల్లుడు సూర్యారావు చెప్పాడు. మా గోదావరి జిల్లాల్లో టికెట్ పెట్టి ఆడే కుస్తీ రింగులోకి దిగిన మొదటి ఆడమనిషి ఆవిడేనంటారు. పడవలు నడుపుకునే ఇంట్లో పుట్టి, తెడ్డు వేసిన భుజాలతో ఊరూరా డేరాల్లో పోటీలు ఆడారు. అవి మానేశాక రాజమండ్రిలో ఆడపిల్లలకు కుస్తీ నేర్పారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో నేనొకదాన్ని. ఇప్పుడు బడిలో వ్యాయామం టీచర్ని. బడికి సెలవు చెప్పి, కట్టుకున్న చీరతోనే బస్టాండుకు పరుగెత్తాను.

రాజమండ్రి నుంచి రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురానికి బస్సులో రెండు గంటల పైనే పడుతుంది. కిటికీ పక్క సీటు దొరికినా అరటితోటలు చూసే మనసు లేదు. కొత్తపేట దాటాక కొబ్బరికాయల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరుగుతూ మమ్మల్ని ఆపేసింది. నేను లేచి నిలబడ్డాను. నిలబడితే బస్సు కదులుతుందా? అయినా కూర్చోలేకపోయాను.

అమలాపురంలో రాజోలు బస్సు అప్పుడే వెళ్ళిపోయిందన్నారు. గోదావరి మధ్యలో పాపాయమ్మగారి ఊరున్న లంకకు పడవ ఎక్కే రేవు రాజోలు అవతల ఉంది. అక్కడిదాకా వస్తావా అని ఒక ఆటో అతన్ని అడిగాను.

“ఆయ్, వస్తానండీ. ఎనిమిది వందలు ఇప్పించండి. ఈవిడ కూడా అటేనంటండి, ఇద్దరూ పంచుకుంటారేటండీ?”

లోపల అరవై దాటిన భారీ మనిషి కూర్చుని ఉంది. ఒక చెవి మడతపడి ముద్దగట్టింది. అలాంటి చెవులు ఎవరికి ఉంటాయో నాకు తెలుసు.

“మీరు కుస్తీ పట్టేవారాండీ?” అన్నాను.

“పట్టేదాన్నండీ. పాపాయమ్మ చేతిలో రోజూ ఓడిపోయే రత్నాన్ని నేనే.”

ద్రాక్షారామం నుంచి కోటిపల్లి రేవు దాటి వచ్చిందట. పోస్టర్లలో ఇద్దరూ బద్ధశత్రువులని విన్నాను. ఆ మాటే అంటే నవ్వింది.

“టికెట్ కొన్నోళ్ళ ముందు పళ్ళు కొరుక్కునేవాళ్ళం. బయట ఒకే కంచంలో తినేవాళ్ళమండీ. నన్ను ఎత్తి పడేసేటప్పుడు నా తల కింద ఆవిడ చెయ్యి ఉండేది. జనానికి కనపడేది కాదండీ.”

మామిడికుదురు దాకా చీర అంచు నలుపుతూనే ఉంది. ఇంకెంత దూరమని ఆవిడ అడగడం ఆపితే నేను మొదలుపెట్టేదాన్ని. “వచ్చేసేరండీ, వచ్చేసేరు” అంటూ డ్రైవరు వేగం పెంచాడు.

పడవ దిగి ఇంటికి చేరేసరికి వాకిట్లో పాడె కట్టేశారు. తన దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలే తనను మోయాలని పాపాయమ్మగారు చివర్లో చెప్పారట. మాకంటే ముందే ఇంకొక శిష్యురాలు వచ్చి ఉంది. సూర్యారావు మమ్మల్ని పక్కకు పిలిచాడు.

“అత్త చెప్పిన మాట నాకూ గుర్తుందండీ. కానీ ఆడాళ్ళు పాడె మోస్తే పెద్దలు ఒప్పుకోరండీ. రేపు మేం ఈ ఊళ్ళోనే బతకాలి కదండీ.”

అతని కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి. రత్నంగారు కొంగు దోపుకుని అరుగు మీదున్న పెద్దల ముందు నిలబడింది.

“ఎన్ని ఊళ్ళలో ఈవిడ మీద చెప్పులు ఇసిరేరో నేను చూసేనండీ. ఆ చెప్పులు ఏరి పక్కన పెట్టి ఆట ఆడింది. ఇది సొంతూరు. మీరు కూడా ఇసురుతారా, చెప్పండి.”

చివరికి ఒక పెద్దాయన కండువా దులుపుకుని లేచాడు. “కానివ్వండి. ఎండెక్కిపోతోంది.”

తలవైపు సూర్యారావు, రత్నంగారు పట్టారు. కాళ్ళవైపు శిష్యురాళ్ళం ఇద్దరం భుజం పెట్టాం. ఇసుకలో అడుగులు దిగబడుతున్నాయి. సగం దారిలో ఆనవాయితీగా పాడె దింపారు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారేమోనని అయినవాళ్ళు చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. సూర్యారావు మూడుసార్లు “అత్తా” అన్నాడు.

రత్నంగారు మోకాళ్ళ మీద వంగింది. పిలవలేదు. పడ్డవాళ్ళు మూడు దెబ్బల్లోపు లేవకపోతే ఓడినట్టని రింగులో రిఫరీ నేలమీద కొట్టినట్టు, అరచేత్తో ఇసుక మీద ఒకటి కొట్టింది. రెండోది కొట్టి ఆగింది.

“ఎప్పుడూ రెండో దెబ్బకే లేచిపోయేదండీ,” అంది మావైపు చూడకుండా. “మూడోది కొట్టే అవసరం రాలేదు.”

చాలాసేపటికి మూడోది కొట్టింది.

ఇప్పటికి నాలుగు రోజులైంది. బడిలో పిల్లలకు పట్లు చూపిస్తున్నా మనసు నిలవడం లేదు. పాపాయమ్మగారు మాకు గెలవడమే నేర్పారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎదుటి మనిషి తల కింద చెయ్యి పెట్టడం గురించి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే మా తలల కింద కూడా పెట్టి ఉంటారు. మాకు తెలియలేదు.

అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పొద్దు వాలితే లంక నుంచి తిరుగు పడవ దొరకదు. దిగగానే పడవ అతనితో మాట్లాడుకుని, అప్పుడే ఊళ్ళోకి నడవండి.