సొరపిందె, నా చూపుడువేలు

ఆ రోజుల్లో అంటే ట్రంకు కాల్స్ కాలమేమో అనుకోకండి. మెట్రో ఎక్కి ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త ఉద్యోగానికి వెళ్లొస్తున్న రోజులే. నా ఫోన్ అద్దం మీద సాలెగూడు లాంటి పగులు ఉండేది. ఆ పగులు వెనక నుంచి చూస్తే ఈ లోకంలో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఆ వయసులో నాకు డేటా, కోపం రెండూ అపరిమితంగా వచ్చేవి. ఎవరైనా ఒక మాట అంటే, అన్నవాళ్లు మరిచిపోయినా నేను మాత్రం మరిచిపోయేదాన్ని కాదు. నేను మిద్దె మీద కూరగాయలు పెంచడం మొదలుపెట్టింది కూడా పచ్చదనం మీద ప్రేమతో కాదు, అలాంటి ఒక మాట మీద పంతంతోనే. ఆ మాట అన్నది మా అమ్మ. ఆఫీసు నుంచి వస్తూ కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెచ్చాను (రెండూ పచ్చగానే ఉన్నాయి, రెండూ కట్టలుగానే ఉన్నాయి, నా తప్పేముంది). అమ్మ ఆ కట్టను నాన్నకు కనపడేలా ఎత్తి పట్టుకుని, "గుంటూరు రైతు మనవరాలండీ ఈవిడ. నీ చేతిలో ఫోను తప్ప ఇంకేమీ మొలవదే" అంది. నేను అన్నం ముందు కూర్చునే, ఎడమచేత్తో మొక్కల సంచులు, కొబ్బరిపొట్టు ఇటుకలు, రకరకాల విత్తనాల పొట్లాలు ఆర్డరు పెట్టేశాను.

మాది కిరాయి ఇల్లు. కింద ఓనరాంటీ, పైన మేము, మా పైన మిద్దె. ఆ మిద్దె మీద సంచులన్నీ వరసగా పేర్చి, మట్టి నింపి, విత్తనాలు చల్లి, రోజుకొకసారి కాదు, వీడియోకొకసారి వాటి ముందు కూర్చునేదాన్ని. ధనియాలను చితక్కొట్టకుండా అలాగే వేశాను. అవి మట్టిలో హాయిగా పడుకున్నాయి, లేవలేదు. టమాటా మొక్క నా భుజం దాకా ఎదిగింది కానీ పూత జోలికి పోలేదు. ఫోన్లో ఒకాయన అరటితొక్కల నీళ్లు పొయ్యమన్నాడు, పోశాను. ఇంకొకావిడ గుడ్డుపెంకులు వెయ్యమంది, వేశాను. మరొకాయన వాడేసిన టీపొడిని మించిన ఎరువు లేదన్నాడు. మా ఆఫీసు పక్కనున్న ఛాయ్ బండి అన్నను అడిగితే సంచీ నిండా ఇచ్చాడు. పాలతో, చక్కెరతో గంటల తరబడి ఉడికిన టీపొడి అది. బాగా కడిగి, ఎండబెట్టి వెయ్యాలని వీడియో ఆయన చివర్లో చెప్పాడట. చివరిదాకా చూసే ఓపిక నాకెక్కడిది. వేసిన మర్నాటికల్లా చీమలు వచ్చాయి. సంచుల్లో విందు ముగించుకుని, గోడ మీది పైపు పట్టుకుని, బారులు తీరి, నేరుగా ఓనరాంటీ వంటింట్లోకి దిగాయి.

ఓనరాంటీ మెట్లెక్కి పైకి వచ్చింది. ఆమెకు గొంతు పెంచే అలవాటు లేదు. అదే నాకు ఇంకా మండేది.

"మొక్కలకు ఛాయ్ పోస్తున్నవా బిడ్డా?"

"ఎరువు ఆంటీ. ఆర్గానిక్."

"నా బెల్లం డబ్బాల గూడ గదే ఆర్గానిక్ నడుస్తున్నది. ఒచ్చి చూడు." ఆమె సంచులన్నిటినీ ఒకసారి నింపాదిగా చూసింది. "దసరాకు ఇంటికి సున్నాలేపిస్త. మిద్దె గూడ కడిగిపిచ్చి పగుళ్లకు సిమెంటు పెట్టిస్త. అప్పటికల్లా ఇవన్ని కిందికి దిగాలె."

"మరి కాయలు కాస్తే?"

"ఏం కాయలు?" ఆమె ఎగతాళిగా కూడా అనలేదు, నిజంగానే వెతికింది. "సరే. ఒక్క కాయ, ఒక్కటంటే ఒక్కటి నా చేతుల పెట్టు. మిద్దె నీకే ఇడిచిపెడ్త. సంచుల కింద ఇటుకలు గూడ నేనే పెట్టిస్త. లేకుంటే మాత్రం మల్ల నాతోని పంచాయితీ పెట్టొద్దు."

అమ్మ వెనకనుంచి, "వదిలెయ్యవే, రైతుబజారు ఉందిగా" అంది. ఆ మాటతో ఇక వదిలేసే దారి పూర్తిగా మూసుకుపోయింది.

అప్పటికి నాకు మిగిలిన ఆశ ఒకే ఒక్క సొరపాదు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, బహుశా అందుకే బతికింది. బట్టలారేసే తీగ పట్టుకుని మిద్దె ఆ చివరిదాకా పాకింది (అమ్మ చీరలు ఆరేసుకునే చోటు రోజురోజుకూ కుంచించుకుపోయింది, అది వేరే గొడవ). ఒకరోజు ఆకుల కింద బొటనవేలంత పిందె కనిపించింది. ఒళ్లంతా తెల్లని నూగు, కొసన ముడుచుకున్న పువ్వు. నేను ఆ పిందెను ముందునుంచి, పక్కనుంచి, కిందనుంచి ఫోటోలు తీశాను. స్టేటస్ పెట్టాను. ఆఫీసు గ్రూపులో పెట్టాను. అల్మాస్‌గూడలో ఉండే స్నేహితురాలికి వీడియో కాల్ చేసి, "ఇదిగో ఇక్కడ, ఆకు కింద" అని వేలు పెట్టి చూపిస్తుండగా, మిరపకాయలు ఎండబెట్టడానికి వచ్చిన ఓనరాంటీ చూసింది.

"వేలు చూపకు బిడ్డా. పిందె రాలిపోతది."

"ఏ కాలంలో ఉన్నారాంటీ? వేలికి, పిందెకి ఏం సంబంధం?"

"నాకేమెర్క? రాలిపోతది, గంతే. చూపాల్నంటే వేలు మడిచి చూపాలె."

నాలుగు రోజుల్లో పిందె పసుపు రంగుకు తిరిగి, ముట్టుకుంటే ఊడి వచ్చింది. తరవాతది కూడా అంతే. దాని తరవాతది ఫోటోకు సర్దుతుండగా నా చేతిలోకే రాలింది. ఓనరాంటీ మెట్ల దగ్గర ఎదురుపడి జాలిగా, "నువ్వు వేలొక్కటే చూపిస్తివా, ఊరందరికీ ఫోన్ల చూపిస్తివాయె. ఇంగెట్ల నిలుస్తది" అంది. తిట్టినా బాగుండేది. జాలిపడితే నేను తట్టుకోలేను.

ఆ కోపంలో ఫోన్లో వెతికితే అసలు సంగతి దొరికింది. మగపువ్వు మీది పుప్పొడి ఆడపువ్వుకు అంటాలి. అంటకపోతే పిందె రాలిపోతుంది. నగరంలో మిద్దె మీదికి తేనెటీగలు రాకపోతే ఆ పని మనమే చెయ్యాలి, అదీ తెల్లవారగానే. మర్నాడు కళ్లకు రంగు వేసుకునే బ్రష్షు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని, పాచిముఖంతో మిద్దె ఎక్కాను. వీడియోలో పువ్వులు పళ్లెమంత విప్పారి ఉన్నాయి. నా పువ్వులేమో తడిసిన కాగితంలా వడిలి మూతులు ముడుచుకుని ఉన్నాయి. అయినా వదల్లేదు. ప్రతి ఉదయం వడిలిన పువ్వు మూతి విప్పి, బ్రష్షుతో అద్ది, ఇంకో వడిలిన పువ్వులో పెట్టేదాన్ని.

"పువ్వుకు సుర్మా పెడ్తున్నవా?" అని అడిగింది ఓనరాంటీ, మిరపకాయలు తిరగేస్తూ.

"సైన్స్ ఆంటీ ఇది."

"పెట్టు పెట్టు. జర కాటుక గూడ పెట్టు."

పిందెలు రాలుతూనే ఉన్నాయి. (నేను చూసిన ఆ వీడియో గుమ్మడిదని తరవాత తెలిసింది. తీగ ఒకేలా ఉంది, ఆకు ఒకేలా ఉంది. పుదీనా కొత్తిమీర కథే మళ్లీ.) దసరా దగ్గర పడింది. ఓనరాంటీ సున్నాల మేస్త్రీతో ఫోన్లో బేరమాడటం మా కిటికీలోంచి వినిపించేది.

అంతలో ఒకరోజు కుండపోత వాన. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిచి, ఆఫీసు వాళ్లు మధ్యాహ్నమే పంపేశారు. ఇంటికొచ్చేసరికి వాన వెలిసింది, కాలనీలో కరెంటు లేదు, నా ఫోను చచ్చిపోయింది. ఫోను లేని నన్ను ఇంట్లో భరించడం కష్టమని అమ్మకు తెలుసు. నాకు కూడా ఆ రోజే తెలిసింది. "ఖాళీగా ఉన్నావుగా, పైన ఆ సంచులన్నా దింపెయ్. ఆవిడ చేత అనిపించుకోవడం ఎందుకే" అంది అమ్మ. దింపడమేంటి, పీకి పారేస్తానని విసవిసా మిద్దె ఎక్కాను. పొద్దు వాలుతోంది. సొరతీగ మొదలు పిడికిట్లో పట్టుకున్నాను. లాగబోతూ తలెత్తితే, తీగ పొడవునా తెల్లగా పువ్వులు విచ్చుకుంటున్నాయి. వడిలినవి కావు. అప్పుడే ఇస్త్రీ చేసినట్టున్న పువ్వులు. బూడిదరంగు రెక్కల పురుగొకటి వాటి చుట్టూ తిరుగుతోంది.

సొరపువ్వు సాయంత్రం పూస్తుంది. నేను సాయంత్రాలు ఎప్పుడూ మెట్రోలో, తల వంచుకుని, పువ్వులు పూయించే వీడియోలు చూస్తూ ఉండేదాన్ని. బ్రష్షు కోసం కిందికి పరిగెత్తే ఓపిక కూడా లేకపోయింది. పొడుగు కాడ ఉన్న మగపువ్వును తెంపి, రేకులు ఒలిచి, పిందె ఉన్న పువ్వులో మెల్లగా రాశాను. వేళ్లకు పసుపు అంటింది. నా ఉద్యోగంలో గానీ, చదువులో గానీ అంత జాగ్రత్తగా ఏ పనీ చెయ్యలేదు.

ఆ పిందె రాలలేదు. వారం తిరిగేసరికి జానెడయింది. ఇక్కడే నా బుద్ధికి ఏదో అయింది. పని చేసింది పుప్పొడేనని నాకు ఖాయంగా తెలుసు. తెలిసీ ఫోటో తియ్యలేదు. స్టేటస్ పెట్టలేదు. పాత చున్నీ ఒకటి దాని మీద కప్పి, పైకి వెళ్లేటప్పుడు ఫోను ఇంట్లో పెట్టి వెళ్లడం మొదలుపెట్టాను. (అమ్మ నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.) ఒక ఆదివారం నాన్న బట్టలు తియ్యడానికి వచ్చి, గాలికి చున్నీ తొలగితే, "ఏమ్మా, ఇదేనా కాయ" అంటూ చెయ్యెత్తారు. నేను ఎక్కడినుంచి దూకానో తెలియదు, ఆయన మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాను.

"వేలు దించండి నాన్నా."

"ఎందుకమ్మా?"

"దించండి ముందు. చెబుతా."

చివరికి దానికి వెలుతురు పడదని చెప్పాను. ఎండలో కాసే కాయకు వెలుతురు పడదని ఆయన నమ్మారో లేదో గానీ, చెయ్యి జేబులో పెట్టుకుని దిగిపోయారు.

సున్నాల వాళ్లు నిచ్చెన తెచ్చిన ఉదయం కాయ కోసి, కిందికి తీసుకెళ్లి ఓనరాంటీ రెండు చేతుల్లో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలి గోరు కసుక్కున గుచ్చింది (నా ప్రాణం విలవిల్లాడింది). "లేతగున్నది" అంది. తరవాత మేస్త్రీని పిలిచి, "మిద్దె మీద సంచులు తీసెయ్యొద్దు. కింద ఇటుకలు పెట్టి సున్నమెయ్యి" అని చెప్పింది. గెలిచిన ఆనందం సరిగా నాలో దిగకముందే నా వైపు తిరిగి, "చూసినవా, వేలు చూపకుంటె ఎట్ల నిలిచిందో" అంది.

నాకు కోపం నషాళానికి అంటింది. మగపువ్వు, ఆడపువ్వు, సాయంత్రం, రెక్కల పురుగు, అన్నీ ఏకబిగిన చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"అయితే వేలుతోని ఏం కాదంటవ్?"

"ఏం కాదు."

"మరి పైన ఇంకోటి పడ్డదంట గదా పిందె. దా, పోయి దానికి చూపియ్యి."

ఇద్దరం మిద్దె ఎక్కాం. రెండో పిందె చూపుడువేలంత ఉంది, నూగు మీద నీటిచుక్కలు. నేను దాని ఎదురుగా నిలబడి చెయ్యెత్తాను. మిద్దె ఇప్పుడు నాదే, పందెం ముగిసింది, సైన్సు నా వైపే ఉంది. వేలు మాత్రం సగం దాకా చాచుకుని, మెల్లగా, నన్ను అడగకుండానే మడుచుకుంది. ఓనరాంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది. సాయంత్రం ఆ సొరకాయ తురుము బియ్యప్పిండిలో కలిపి కాల్చిన వేడి సర్వపిండి మా ఇంటికి పంపింది. అమ్మ మారు వడ్డించుకుని, "పర్వాలేదే, మొలిచింది" అంది.

ఆ పగిలిన ఫోను ఇంకా నా దగ్గర ఉంది. అందులో రాలిపోయిన ప్రతి పిందెకూ ఫోటో ఉంది, నిలిచిన కాయకు ఒక్కటీ లేదు. అప్పుడప్పుడు అవి తిరగేస్తుంటే, బ్రష్షు పట్టుకుని వడిలిన పువ్వుల మీద అరిచే ఆ పిల్ల మీద నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, ఆ పిల్లను మించి ఎదిగానని చెప్పుకోను. మొన్న సరూర్‌నగర్ వైపు కూరగాయలకు వెళ్లి, సొరకాయల రాశి ముందు వేలు మడిచి, కణుపుతో చూపించి, "అది ఇవ్వక్కా" అన్నాను. "ఏలుకేమైందమ్మా, దెబ్బ తాకిందా?" అని అడిగింది కూరగాయలమ్మే ఆమె. అవి కోసేసిన కాయలని, వాటికిక రాలే పనే లేదని నాకు తెలుసు. కావాలంటే పుప్పొడి గురించి అక్కడే నిలబడి పాఠం చెప్పగలను.

"ఆ, కొంచెం పట్టేసింది" అని, సంచీ మాత్రం ముందుకు చాచాను.