గల్లీ తాళాలు

జనగామలో మా గల్లీకి ఒకటే దారి. ఒక చివర గోడ, ఇంకో చివర పెద్ద రోడ్డు. వెడల్పు ఒక జీపు పట్టి, పక్కన మనిషి నడిచేంత. మరిపెడ వైపు, మహబూబాబాద్ వైపు జీపులు తిప్పి బతికేవాళ్లంతా అందులోనే ఉండేవాళ్లం. ఊళ్లో ఇంత చోటుండగా అందరూ వచ్చి ఆ సందులోనే ఎందుకు పడ్డారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బండి పెట్టడానికి మాకో పద్ధతి ఉండేది. ముందొచ్చినవాడు గోడ దాకా పోయి పెట్టాలి, తర్వాతివాడు అతని వెనక. తాళాలన్నీ గల్లీ మొదట్లోని కిరాణా కొట్టు తలుపు పక్కన మేకుకు తగిలించాలి. లోపలి బండి బయటికి తీయాలంటే అడ్డమున్న బండిని ఎవరైనా తీయొచ్చు. గీతలు పడ్డాయని తిట్టుకునేవాళ్లు, తెల్లారి మళ్లీ ఒకే దగ్గర చాయ్ తాగేవాళ్లు.

తెలంగాణ ఉద్యమం ముదిరాక బంద్‌ల మీద బంద్‌లు వచ్చాయి. నంబరు పలక మీద ఏపీ చెరిపి టీజీ రాయించినవాళ్లలో మా బాపు మొదటివాడు. ఒక బంద్ నాడు మా గల్లీ జీపొకటి చాటుగా కిరాయికి పోయి, అద్దం పగలగొట్టించుకుని వచ్చింది. అద్దం సంగతి అటుంచి, గల్లీ పరువు పోయిందని బాపు అన్నం ముట్టలేదు. ఆ సాయంత్రమే కొట్టు ముందు అందరినీ కూర్చోబెట్టాడు.

"బంద్ నాడు తాళాలు మేకుకుంటె ఎవనికో ఒకనికి ఆశ పుడ్తది. గందుకే అన్ని తాళాలు ఒక్కని జేబుల ఉండాలె. ఆడు రోడ్డు మీద అందరి ముంగట కూసోవాలె. బంద్ అయినంక వచ్చి మల్ల మేకుకు పెట్టాలె," అన్నాడు.

"ఆ ఒక్కడు ఎవలు మరి, అన్నా?" అని ఎవరో అడిగారు.

"నేనే ఉంట."

ఎవరూ కాదనలేదు. ఇంటికొచ్చాక మా అవ్వ మాత్రం, బాపు తల్లి, గడప పక్కన కూర్చుని వక్క నములుతూ అంది: "మన తాళమన్న ఇంట్ల ఉంచు కొడుకా."

"మనది ఇంట్ల పెట్టుకుంటె నన్నెవడు నమ్ముతడే అవ్వా?" అని బాపు నవ్వాడు.

ఆ తర్వాత ఒక రోజు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. నడిరోడ్డున పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని తింటూ బండ్లను ఆపడం. బాపు చొక్కా జేబు నిండా తాళాలు వేసుకుని గలగలమంటూ పోయాడు. మధ్యాహ్నం పోలీసులు వచ్చి ముందు వరసలో కూర్చున్నవాళ్లను వ్యాను ఎక్కించారు. అదంతా మాకు అలవాటే. దూరంగా ఏదో ఠాణాలో కూర్చోబెట్టి పొద్దుగూకే వేళకు వదిలేసేవాళ్లు. తాళాల సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. బాపుకూ తట్టలేదు.

కాసేపటికే అవ్వ ఛాతీ పట్టుకుని గడపలో ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమటలు. అమ్మా నేనూ అరిస్తే గల్లీలో ఉన్న డ్రైవర్లంతా ఉరికొచ్చారు. గల్లీ నిండా జీపులే, నడిపేవాళ్లకు కొదవ లేదు, తాళం మాత్రం ఒక్కటీ లేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వేరే ఊరికి పోయిందన్నారు. బాపు ఫోను మోగి మోగి ఆగింది. రోడ్డు వైపున్న చివరి జీపును నెట్టి చూశారు. గేరులో ఉంది, స్టీరింగు బిగుసుకుపోయి ఉంది. బాపే స్వయంగా చూసి పెట్టించాడు మరి.

జీపులకూ ఇళ్ల గోడలకూ మధ్య మంచం పట్టలేదు. ఇద్దరు డ్రైవర్లు అవ్వను చేతుల మీద ఎత్తుకుని పక్కవాటుగా నడిచారు. రోడ్డెక్కాక మంచం మీద వేసుకుని దవాఖానకు ఉరికారు. జనం పొయ్యిలు జరిపి దారి ఇచ్చారు. నేను అవ్వ చెయ్యి పట్టుకుని పక్కన పరుగెత్తాను. దవాఖాన గేటు కనిపించేసరికి ఆ చెయ్యి నన్ను పట్టుకోవడం మానేసింది.

పొద్దుగూకాక బాపు తిరిగొచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టక ముందే చెప్పాలని నేను కొట్టు దగ్గర నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోపే బాపు మేకు దగ్గరికి పోయాడు. ఆయన హుషారుగా తాళాలు ఒక్కొక్కటే తీసి మేకుకు తగిలిస్తున్నాడు.

"చూసినవా బిడ్డా, ఒక్క బండి గూడ కదల్లే," అన్నాడు.

అప్పుడే మా ఇంట్లోంచి అమ్మ ఏడుపు వినబడింది.

తెలంగాణ వచ్చింది. జనగామ జిల్లా అయింది. పలకల మీద ముందు టీఎస్ వచ్చింది, ఈ మధ్య బాపు కోరిన టీజీయే వచ్చింది. ఆ వార్త చదివి ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు, అంతే. ఇప్పుడు పెద్ద రోడ్డు మీద బండ్లు పెట్టొద్దని, ఎవరి గల్లీలో వాళ్లు పెట్టుకోవాలని బోర్డు పెట్టారు. నేను భూపాలపల్లి నుంచి కారులో వచ్చినప్పుడల్లా బాపు గల్లీలోకి రానివ్వకుండా ఆ బోర్డు కిందనే పెట్టిస్తాడు. జరిమానా పడితే తనే కడతాడు.

పోయినసారి, అధికారులెవరైనా వస్తే బండి జరపమని కారు తాళం ఆయన చేతికివ్వబోయాను. బతుకంతా బండి నడిపిన మనిషి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గడప పక్కన, అవ్వ కూర్చునే చోట, గోడకు ఆయనే కొట్టుకున్న మేకు ఉంది.

"నాకియ్యకు బిడ్డా," అన్నాడు. "గా మేకుకు పెట్టు."