పులిహోర వాసన వేసిన కోడికూర

మొన్న ఆదివారం మా కోడలు ఫోన్‌లో చూసుకుంటూ ఇరవై నిమిషాల్లో పుల్లగా తియ్యగా ఉండే చికెన్ చేసి పెట్టింది. సీసాలో సాసు, చెంచాడు చక్కెర, నాలుగు క్యాప్సికం ముక్కలు, అంతే. బాగానే ఉంది. ఇలాంటివి మీ రోజుల్లో లేవు కదత్తమ్మా అంటే, ఉండేవంటే కథంతా చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను. అద్దె గదుల్లో కాపురం మొదలుపెట్టిన నా ఈడు వాళ్ళకైతే చెప్పవచ్చు.

పెళ్ళైన కొత్తలో మావారు యూనివర్సిటీలో పరిశోధన చేస్తుండేవారు. ఆలుమగలకు హాస్టల్లో చోటుండదు కనుక అడిక్‌మెట్ అంతా తిరిగి తిరిగి, చివరికి తార్నాకలో, లైబ్రరీకి నడిచి వెళ్ళగలిగే దూరంలో, ఒక ఇంటి వెనక గది సంపాదించాం. ఇంటావిడ కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దావిడ, ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. నీచు వండకూడదని, వండినట్టు తెలిస్తే ఆ వారమే ఖాళీ చేయాలని ముందే చెప్పింది. ఆదివారం కోడికూర లేని ఇల్లెరగని రైతుబిడ్డలమైనా ఇద్దరమూ బుద్ధిగా తలలూపాం. ఆ ఏడాదే మావారు సిద్ధాంత వ్యాసం ముగించాలి, నాకేమో నెలలు. ఆ గది పోతే రెండూ నడిబజార్లో పడతాయి.

ఐదో నెలలో నా మనసు కోడికూర మీదికి పోయింది. అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. చూడలేక మావారు వారాసిగూడ దాకా వెళ్ళి అరకిలో కోడిమాంసం ఆకులో చుట్టించి, లైబ్రరీ పుస్తకాల కింద పెట్టి తెచ్చారు. ఆ పుస్తకాలు తిరిగిచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదట, అది మా అదృష్టం.

ఆదివారాలు ఇంటావిడ ఐదింటికి గుళ్ళో ప్రవచనానికి వెళ్ళి ఆరున్నరకు వచ్చేది. ఈలోపే వండి, తిని, గిన్నె తోమేయాలి. మసాలా వేస్తే వీధి చివరి దాకా తెలుస్తుంది కాబట్టి చింతపండు పులుసు, బెల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి ఇంగువ పోపు పెడదామని నేనే ఆలోచించాను.

"ఏం గాదు, పులిహోర చేస్తున్నవనుకుంటది," అన్నారు మావారు.

ఆ తెలివే కొంప ముంచింది. నీచు వాసన కంటే ముందు పులిహోర వాసన లేవాలని పులుసు మొదటే పోసేశాను. పులుపు పడ్డాక ముక్క ఎక్కడ ఉడుకుతుంది? కిరసనాయిలు స్టవ్వు మీద గంటసేపు మరిగినా పంటికి లొంగలేదు. ఇంతలో గేటు చప్పుడైంది. ప్రవచనం చెప్పేవారికి గొంతు పట్టేసిందట, ఆవిడ ముందే వచ్చేసింది. నేను గిన్నె మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను, కాలుతున్నదని కూడా తెలియలేదు. పెట్టే బేడా సర్దుకుని ఈ కడుపుతో ఎక్కడికి పోవాలా అన్నదొక్కటే నా భయం.

ఆవిడ మా గుమ్మం ముందు ఆగింది, లోపలికి మాత్రం రాలేదు.

"పులుపు ముందే పోశావుటమ్మా? అలా పోస్తే ఉడకదు. ఇంకో ముప్పావుగంట సన్న సెగ మీద ఉంచు. వట్టి మనిషివి కాదు, ఉడకని మాంసం తినకు," అంది.

అని వెనక్కి తిరిగి, ప్రవచనం లేని గుడికి మళ్ళీ వెళ్ళింది. ఏడున్నరకు వచ్చేటప్పుడు గేటు దగ్గర నిలబడి రెండుసార్లు దగ్గింది. అప్పటికి గిన్నె తోమి బోర్లించాను. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అలాగే దగ్గి వచ్చేది. నీచు వండవచ్చని మాత్రం ఒక్కనాడూ అనలేదు, మేమూ అడగలేదు. వ్యాసం ముగిసేదాకా, మా అబ్బాయి పుట్టి పాకేదాకా, ఆ గదిలోనే ఉన్నాం. నన్ను కన్నవాళ్ళ తర్వాత అంత ప్రేమగా తలుచుకునేది ఆవిడనే.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మేముండేది అక్కడికి రెండు వీధుల అవతల, ఐదో అంతస్తులో. ఏం వండినా ఫ్యాను లాగేస్తుంది, అడిగేవాళ్ళు లేరు. ఎదురు ఫ్లాటు వాళ్ళు ఏం తింటారో నాకు తెలియదు, మేమేం తింటామో వాళ్ళకు పట్టదు. ఇదే సుఖమని నేనూ ఒప్పుకుంటాను. అయినా మొన్న కోడలు సాసు పోస్తుంటే నా చెవి గేటు వైపే పోయింది. ఇంత ఎత్తుకు గేటు చప్పుడు వినబడదు. వినబడినా, మనం తినడం అయ్యేదాకా బయట ఆగి దగ్గే మనిషి ఇప్పుడెవరున్నారు.