పదకొండో కార్డు

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో జనానికి చావంటే అంత భయం ఉండేది కాదు గాని, చావు సంగతి ఎత్తే మనిషంటే మాత్రం భయం. క్రేను గొలుసు తెగి మనిషి పోతే 'రాత' అని సరిపెట్టుకునేవాళ్ళు, "మీ తర్వాత మీ ఇంట్లోవాళ్ళ గతేమిటి" అని అడిగినవాణ్ణి మాత్రం గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. నా ఖర్మ కొద్దీ ఆ మాట అడగడమే నా ఉద్యోగం. వర్క్‌షాపు అప్రెంటిస్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారికి వయసు దాటిపోయి, ఇరవై రెండేళ్ళకి జీవిత బీమా ఏజెంటునయ్యాను. (మా నాన్న బంధువులతో 'మావోడు ఆఫీసులో సేస్తన్నాడు' అనేవాడు. ఏ ఆఫీసని ఎవరైనా అడిగితే దగ్గు వచ్చేది.)

ఏజెన్సీ నిలవాలంటే ఏడాదిలో పన్నెండు మంది చేత పాలసీ తీయించాలి. వాళ్ళను మా వ్యాపారంలో మనుషులనరు, 'లైఫులు' అంటారు. మా పై ఆఫీసరు బెంగాలీ ఆయన, అందరం దాదా అనే పిలిచేవాళ్ళం. ఆయన పూరీ గేట్ దగ్గర టీ కొట్టు ముందు సైకిలు ఆపి, నలుగురూ వింటుండగా "ఆర్ కొటా లైఫ్ బాకీ?" అని గట్టిగా అడిగేవాడు. ఇంకా ఎన్ని ప్రాణాలు బాకీ అని. గడువు మూడు నెలలుందనగా నాకు ఎనిమిది బాకీ. ఆ వేసవిలోనే నాన్న రిటైరు కావాలి, అంటే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బాయిలర్ షాపులో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి సామాను ఏ ఊరి అరుగు మీద దించుతాడన్నది నా ఎనిమిది ప్రాణాల మీద ఆధారపడి ఉంది. సరిగ్గా అప్పుడు మా క్వార్టర్ల లైన్లలోకి అమ్మవారు వచ్చింది. (ఆసుపత్రివాళ్ళు మశూచి అనేవారు. మేము ఆ మాట నోట అనం.)

అమ్మవారు వచ్చిన ఇంటికి వేపమండలు కడతారు, ఎవరూ వెళ్ళకూడదు. అది మా ఆచారం. దాని మీద ఆసుపత్రివాళ్ళు లైను మొదట్లో లాఠీ ఇచ్చి మనిషిని కూర్చోబెట్టారు. వర్క్‌షాపు గేటు దగ్గర ఏజెంట్లూ అమ్మకందార్లూ నిలబడకూడదని నోటీసు పెట్టారు. గుమ్మం ఎక్కితే గాని బీమా అమ్ముడుపోదు, గుమ్మాలన్నీ మూసుకుపోయాయి. నేను చేతకాని వాణ్ణని ఒప్పుకోవడం ఇష్టం లేక ఒక ఉపాయం పన్నాను. అమ్మవారున్న ఇంట్లో తాలింపు పెట్టరు. కాబట్టి పొద్దున్న పదింటికి లైన్ల వెంట నడుస్తూ ఆవాలు చిటపటలాడిన ఇల్లు ఏదో కనిపెడితే, ఆ ఇంటికి నిర్భయంగా వెళ్ళొచ్చు. వేటకుక్కలాగా ముక్కు ఎత్తుకుని తిరిగాను. మొదటి వారం కాలువకు ఇటుపక్క పద్నాలుగు ఇళ్ళలో వాసన వచ్చింది, లోపలికి వెళితే మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించేశారు. రెండో వారం ఆరిళ్ళు. మూడో వారం ఒక ఉదయం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను, ఎక్కడా తాలింపు వాసన రాలేదు. ఆ రోజు నాకు బీమా సంగతి గుర్తు రాలేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఈ సంగతి చెబితే దాదా జాలి పడలేదు. మనిషిని పోనివ్వకపోతే ఉత్తరాన్ని పోనిస్తారు కదా, పోస్టుకార్డులు రాయమన్నాడు. పైగా ఒక కిటుకు చెప్పాడు. మొదటి కార్డులో బీమా అన్న మాట రాయకూడదు, రాస్తే చించేస్తారు, ముందు ఆసక్తి పుట్టించాలి, సంతకం స్థానంలో 'మీ శ్రేయోభిలాషి' అని పెట్టాలి, పేరూ వ్యాపారమూ రెండో కార్డులో చెప్పాలి. గురువు చెప్పాక తిరుగేముంది. నాన్న తన షాపులోని మనుషుల పేర్లూ క్వార్టరు నంబర్లూ కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. నేను మూడు రోజులు కూర్చుని నలభై కార్డులు రాశాను. అందులో నా సాహిత్యం ఇది: 'జీవితం నీటి బుడగ. మీ వెనుక ఉన్నవారికి రక్ష ఎవరు? ఇప్పుడే మేలుకొన్నవారు నిశ్చింతగా ఉన్నారు. ఆలస్యం చేసినవారు విచారించారు. ఈ మాట మరి పదకొండు మందికి తెలియజేయండి.' (పదకొండు ఎందుకంటే, కార్డు అందుకున్నవాడొకడు, అతను చెప్పిన పదకొండు మంది, మొత్తం పన్నెండు. నా లెక్కల ప్రతిభ అంతటిది, అప్రెంటిస్ పరీక్షలో పనికిరానిది ఇక్కడ పనికొచ్చింది.)

కార్డులు డబ్బాలో వేయబోతుంటే అమ్మ ఆపింది. "మొదటిసారి కార్డులు ఏస్తన్నావు, ఒట్టివి ఏస్తావేట్రా?" అని పసుపు తడిపి నలభై కార్డులకూ నాలుగు మూలలా వేలితో అద్దింది, పైన శ్రీరామ రాయించింది. నేను కాదనలేదు. శుభమే కదా అనుకున్నాను.

వారం పోయాక రెండో కార్డుకి పోస్టాఫీసుకు వెళితే వరస బయట రోడ్డు దాకా ఉంది. అంతా తెలుగువాళ్ళే. లోపల బెంగాలీ గుమస్తా విసుక్కుంటూ మనిషికి పది కార్డులే ఇస్తానంటున్నాడు, జనం పదకొండు కావాలని బతిమాలుతున్నారు. పదకొండో కార్డు కోసం మళ్ళీ వరస చివరకు వెళ్ళి నిలబడుతున్నారు. నా ముందున్న లోకో షెడ్డు ఫైర్‌మన్‌ని ఏమిటీ సంగతని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "తెలీదేటి? అమ్మోరి కార్డు తిరగతన్నాది. పసుపు పెట్టొచ్చింది. పదకొండు మందికి రాయాల. టాటానగర్‌లో ఒకడు నవ్వీసి అవతల పారేసినాడట, మూడో రోజుకి ఇంజను పట్టా దిగిపోనాది." ఇంజను సంగతి నేను రాయలేదు, అది దారిలో ఎవరో కలిపారు. మిగతాదంతా నాదే. పసుపు మూలలు, పేరు లేని శ్రేయోభిలాషి, రక్ష, పదకొండు మంది. అమ్మవార్ల పేరుతో, దేవుళ్ళ పేరుతో ఊళ్ళు తిరిగే కార్డులు అంతకు ముందు మా ఇంటికే ఎన్నోసార్లు వచ్చాయి. వాటికీ నా కార్డుకీ తేడా నాకొక్కడికే తెలుసు, ఆ తేడాను దాదా మాట విని నేనే దాచాను. నా వంతు రాగానే నోరు మూసుకుని పది కార్డులు కొనుక్కున్నాను. ఇంటికి వెళ్ళి ఆ పదింటి మీదా పెద్ద అక్షరాలతో 'అది బీమా సంగతి, భయపడకండి' అని రాద్దామని నా ఉద్దేశం.

ఇప్పుడు రివెట్ల బాబాయి గురించి చెప్పాలి. మా పెరటికీ ఆయన పెరటికీ మధ్య ఒక సందు. నాన్న షాపులోనే పాతికేళ్ళు రివెట్లు కొట్టి కొట్టి చెవులు పోగొట్టుకున్న మనిషి, ఎదుట నిలబడి అరిస్తే గాని వినపడదు. టీకాలవాళ్ళు వస్తే బాయిలర్ లోపలికి దూరి కూర్చునేవాడు, మొత్తం షాపు దాని మీద నవ్వుకునేది. ఆ ఎనిమిది బాకీలో నా దగ్గర బీమా తీసుకుంటానని మాట ఇచ్చిన ఒకే ఒక్క మనిషి కూడా ఆయనే. "ఈ గోల సల్లారనీ, నీకు కాయితం మీద ఏలిముద్ర ఏస్తాను" అనేవాడు. నవ్వులాటకు అనేవాడు, ఆయన సంతకం చక్కగా పెట్టగలడు. ఆ గోల చల్లారకముందే ఆయన భార్యకి, మా పిన్నికి, అమ్మవారు పోసింది. వాళ్ళ గుమ్మానికి వేపమండలు కట్టారు. అమ్మ రోజూ చప్పటి అన్నం వండి వాళ్ళ పెరటి గోడ మీద పెట్టేది, ఆయన వచ్చి తీసుకునేవాడు.

నేను కార్డులతో పెరట్లోకి వచ్చేసరికి ఆయన గోడ అవతల నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. చేతిలో నా కార్డు ఉంది, మూలల్లో అమ్మ వేలి పసుపు. "నువ్వు సదువుకున్నోడివి. నాకు సేతులు వణుకుతన్నాయి. నేను సదువుతాను, పదకొండు రాసీ నాయనా" అన్నాడు. ఆయన చేతిలో కార్డు నేను తాకకుండా, ఆయన నన్ను తాకకుండా, సందుకు ఈ పక్క బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. ఆయన నా మాటలు నాకే చెప్పసాగాడు. 'మీ వెనుక ఉన్నవారికి రక్ష ఎవరు' అన్నచోట ఆగిపోయాడు. లోపల పిన్ని మూలుగుతోంది. మళ్ళీ అదే మాట మొదటి నుంచి చదివాడు. నాకు ఆ వాక్యం రాసిన చేతిని నరుక్కోవాలనిపించింది.

చెప్పేద్దామనుకున్నాను. "బాబాయ్, అది నేనే రాసినాను" అన్నాను. ఆయనకు వినపడలేదు, చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏటీ?" అన్నాడు. ఇక మిగిలింది ఎలుగెత్తి అరవడం. అరిస్తే సందుకు అటూ ఇటూ ఉన్న ఇరవై పెరళ్ళు వింటాయి, వాళ్ళందరి ఇళ్ళలో ఎవరో ఒకరు వేపాకుల మీద పడుకుని ఉన్నారు. నా ఎముకలు మిగలవు, సరే. నాన్న మళ్ళీ షాపు గుమ్మం తొక్కలేడు. అప్పుడు నేను భయపడింది వీటిలో దేనికో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "ఏమీ లేదు, చదవండి" అని చేత్తో సైగ చేశాను. 'భయపడకండి' అని రాయడానికి కొన్న పది కార్డుల మీదా నా చేత్తోనే, నా అక్షరాలతోనే భయం రాశాను. పలాస దగ్గర బావమరిదికి, టాటానగర్ తమ్ముడికి, అలా పది మందికి. పదకొండో దానికి కార్డు లేదు. రేపు తెస్తానన్నాను. మరిచిపోవద్దని ఆయన రెండుసార్లు సైగలతో చెప్పాడు.

ఆ పది పోస్టులో వేశాను. పదకొండోది మాత్రం తేలేదు. వరస పెద్దదిగా ఉందని మొదటి రోజు, మర్నాడు ఇంకేదో. అసలు సంగతి, ఈ పాపం ఎక్కడో ఒక చోట ఆగాలి కదా, నా దగ్గర ఆగనీ అనుకున్నాను. బాబాయి రోజూ గోడ దగ్గర చేతి వేళ్ళు చూపించి అడిగేవాడు, నేను తెస్తానన్నట్టు తల ఊపేవాణ్ణి. పిన్నికి తగ్గింది. ముఖమంతా గుంటలు మిగిలాయి గాని లేచి కూర్చుంది. ఆమె లేచిన అయిదో రోజున బాబాయి పడుకున్నాడు. చెవులు పోయినవాడికి జ్వరంలో ఏం వినపడిందో, రివెట్లు కొడుతున్నట్టు చేతులు ఆడిస్తూనే ఉన్నాడని తర్వాత తెలిసింది. వాళ్ళ ఇంటి ముందు నుంచి ఆయన శవంతో ఆసుపత్రి బండి వెళ్ళేటప్పుడు మమ్మల్ని గుమ్మంలోకి కూడా రానివ్వలేదు.

నా పన్నెండు లైఫులు పూర్తి కాలేదని వేరే చెప్పాలా. ఆ ఏడు ఏజెన్సీ పోయింది. నాన్న రిటైరయ్యాక పూరీ గేట్ దగ్గర ఒకటిన్నర గది అద్దెకు తీసుకున్నాం. బాబాయి ఉద్యోగం బదులు పిన్నికి రైల్వే ఆసుపత్రిలో ఆయా పని ఇచ్చారు. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. అమ్మ ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, నా వైపు చూసింది. "ఒకటడుగుతాను, నిజం సెప్పు. ఆ పదకొండో కార్డు ఏసినావా నేదా?"

వేశానంటే, వేసినా అమ్మవారు ఆయన్ని తీసుకుపోయినట్టు. లేదంటే, నా బద్ధకం తీసుకుపోయినట్టు. రెండూ కానిది ఒకటుంది, దాన్ని ఆరు నెలలుగా మింగుతున్నాను. అమ్మ ఎదుటే చెప్పాను. వేయలేదు పిన్నీ, ఆ కార్డు అమ్మవారిది కాదు, నాది, బీమా అమ్ముకోవడానికి రాశాను, ఆ మాట రాస్తే చదవరని రాయలేదు, అని. అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. పిన్ని తిడుతుందనీ, ఏడుస్తుందనీ, లేచి కొడుతుందనీ చూశాను. ఆమె టీ గ్లాసు గోడ వారకు జరిపి అంది:

"బీమా అని రాయొచ్చు కదరా. తీసుకునీవోడు."

తర్వాత కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. రెండో రోజు మళ్ళీ వచ్చి, నీ కాగితాలేవో తెచ్చి నాకు రాయి, ఇంటి అద్దె కట్టాలంటే నువ్వు ఏదో ఒకటి అమ్మాలి కదా అంది. దాదా దగ్గరికి పోయి కాళ్ళా వేళ్ళా పడి ఏజెన్సీ మళ్ళీ తెచ్చుకున్నాను. మొదటి ఫారం పిన్నిదే.

ముప్పై నాలుగేళ్ళు అదే పని చేసి రిటైరయ్యాను. నా కార్డుల మీద, కరపత్రాల మీద మొట్టమొదట పెద్ద అక్షరాలతో 'బీమా' అని రాసేవాణ్ణి, చివరికి మా అబ్బాయి పెళ్ళి శుభలేఖ కవరు మీద కూడా పొరపాటున అదే రాశాను. కొత్త కుర్రాళ్ళు నవ్వేవారు, కాస్త ఆసక్తి పుట్టించాలి సార్, అలా ముందే చెప్పేస్తే ఎవరు తీసుకుంటారు అని పాఠం చెప్పబోయేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ ఇరవై రెండేళ్ళ ముక్కుపొడుగు కుర్రాడు తాలింపు వాసన వెతుక్కుంటూ లైన్ల వెంట నడవడం ఇప్పటికీ నాకు కనబడుతుంది. వాడి మీద కోపం ఎప్పుడో పోయింది, నవ్వు మిగిలింది. పోస్టాఫీసుకు వెళ్ళినప్పుడు మాత్రం, ఇప్పటికీ, ఒక కార్డు ఎక్కువ కొంటాను.