గైల్స్ తరవాత ఎవరు?

ఆంబ్రోస్ థర్కెటిల్‌కి ఉన్న జబ్బు ఒక్కటే, ఇంటిపేరు. పోనీ లోకంలో ఉన్న ఇంటిపేర్లన్నీనా అంటే కాదు, కేవలం తన సొంతది. ఎదుటివాడు పొరపాటున "ఇవాళ చలిగా ఉందండీ" అన్నాడో, "మావాళ్లు డెన్మార్కు నుంచి పడవల్లో వచ్చింది ఇలాంటి చలిలోనే" అని అందుకునేవాడు. ఇక చాంతాడంత వంశం. మొదట థోర్ దేవుడి కాగు పేరు పెట్టుకున్న డేనిష్ వీరుడొకడు. వాళ్ల భాషలో కాగుని కెటిల్ అంటారట, ఆ పేరే నోళ్లలో నాని నాని థర్కెటిల్ అయింది. ఆ వంశంలో పుట్టినవాడు సర్ రాబర్ట్. రాబర్ట్ కొడుకు ఎడ్మండ్. ఎడ్మండ్ కొడుకు గైల్స్...

గైల్స్ తరవాత ఎవరో ఆల్డర్‌బీ గ్రామంలో ఎవరికీ తెలియదు. అంతదాకా నిలబడి విన్నవాడు లేడు.

మాంసం కొట్టు స్కార్ఫ్‌కి ఆయన్ని గిల్లడం సరదా. "కెటిల్ అంటే టీ కాచేదేగా! మీ తాతలు గిన్నెలకి మాట్లు వేసేవాళ్లా?"

"ఈ దేశానికి టీ రాకముందే మేం వచ్చాం, ఓ కసాయీ!" అని ఆంబ్రోస్ మొదలుపెట్టేవాడు. ఎడ్మండ్ పుట్టేలోగా స్కార్ఫ్ వెనక గదిలోకి జారుకునేవాడు. ఆంబ్రోస్ మిగిలిన వంశమంతా వేలాడే పంది తొడలకి వినిపించి, కొన్న సాసేజిలు అక్కడే మరిచిపోయి ఇంటికి పోయేవాడు. ఒకసారి నోట్లో పటకారు ఉండగానే పళ్ల డాక్టరుకి గైల్స్ దాకా చెప్పాడు. ఆ కంగారులో డాక్టరు పక్క పన్ను పీకేశాడు.

పారిపోయే దారి లేనిది ఒక్క డోర్కస్ లార్టర్‌కే. ఇరవై రెండేళ్లుగా ఆయన బట్టలు ఉతికేది ఆవిడే. ప్రతి మంగళవారం ఆయన చొక్కాకి విడిగా తగిలించుకునే కాలర్ల కోసం వచ్చి, ఆవిడ ఇస్త్రీ చేస్తున్నంతసేపూ పొయ్యి పక్కన కూర్చునేవాడు. బల్ల మీద గంజి కాలర్, చేతిలో కాలుతున్న ఇస్త్రీపెట్టె, ఇక మనిషి ఎక్కడికి పోతుంది? డోర్కస్‌కి చదువు రాదు. నోరు మాత్రం బాగా వచ్చు.

"మీ వీరులందరూ కలిసి ఒక్క సబ్బుబిళ్ల కొనిచ్చారా నాకు?" అనేది.

"వస్తున్నా, వస్తున్నా, గైల్స్ దగ్గరికే వస్తున్నా" అనేవాడు ఆయన.

ఆ ఏడు డోర్కస్ ఉంటున్న ఇంటి యజమాని పోయాడు. కొత్తగా వచ్చిన మేనల్లుడు సెప్టెంబరు ఆఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. చర్చి పక్కన ఆ వంశపు సర్ రాబర్టే ఎప్పుడో కట్టించిన ముసలివాళ్ల ధర్మగృహంలో ఒకే ఒక్క గది ఖాళీగా ఉంది. వీలునామాలో రాసిన నియమం ప్రకారం మొదటి హక్కు ఆయన రక్తసంబంధీకులది. అలాంటివాళ్లు లేకపోతే ఊళ్లో అందరికన్నా పాత కాపురస్తురాలైన విధవకి ఇవ్వాలి. అంటే డోర్కస్‌కి. కానీ ఆంబ్రోస్ వేసవికి ముందే అర్జీ పెట్టుకున్నాడు. జీనుల కొట్టు మీద ఆయన అద్దెకున్న అటకగది ఎంత కురిసేదంటే, మంచానికి గొడుగు కట్టుకుని పడుకునేవాడు.

"ఆయన్ని ఒక మాట అడిగి చూడరాదూ?" అన్నాడు స్కార్ఫ్.

"నేనా? ఆ కాగు మనిషినా? గుడిసె వేసుకుని రోడ్డు పక్కనైనా ఉంటాను గానీ అడగను" అంది డోర్కస్. ఇంటికి వెళ్లి తన మూడు కుర్చీల వంకా చూసుకుంది. ఏది వదిలెయ్యాలో తేల్చుకోలేకపోయింది.

ధర్మకర్తలు కూర్చున్న రోజున డోర్కస్ నల్ల టోపీ పెట్టుకుని వెనక బెంచీ మీద నిటారుగా కూర్చుంది. పాదిరిగారు తాళంచెవి తీసి, "మిస్టర్ థర్కెటిల్ అర్జీ మీద ఎవరికీ అభ్యంతరం లేదనుకుంటా" అన్నారు.

ఆంబ్రోస్ చంకలో కాగితాల కట్టతో లేచాడు. "ముందు నా వంశం వినాలి."

"వద్దు! నమ్ముతున్నాం!" అని ధర్మకర్తలు ముక్తకంఠంతో అరిచారు.

ఆయన ఆగుతాడా? పడవలు వచ్చాయి, కాగు వచ్చింది, రాబర్ట్ వచ్చాడు, ఎడ్మండ్ వచ్చాడు. కిటికీ దగ్గర ఒకాయన గురక మొదలుపెట్టాడు. "...ఎడ్మండ్ కొడుకు గైల్స్. ఈ గైల్స్ పిల్లలు లేకుండా పోయాడు. ఆయన దగ్గర పందులు కాసే హాబ్ అనేవాడు యజమాని పేరు తగిలించుకున్నాడు. మేం ఆ హాబ్ సంతతి. కాబట్టి ఆ గది నాకు చెందదు. కాగితాలు చూపించమంటారా?"

"అక్కర్లేదు!" అన్నారు అందరూ.

తాళంచెవి డోర్కస్ చేతికొచ్చింది. స్కార్ఫ్ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, "ఏమయ్యా పందుల కాపరీ!" అని అక్కడికక్కడే కొత్త పేరు పెట్టాడు. ఆంబ్రోస్ కాగితాలు సర్దుకుని బయటికి నడిచాడు.

డోర్కస్ గేటు దగ్గర పట్టుకుంది. "బార్నబీ ఏమయ్యాడు?"

"ఏ బార్నబీ?"

"గైల్స్ కొడుకు బార్నబీ. వాడి కొడుకు కుంటి మాథ్యూ. వాడి తరవాత కవలలు. ఇరవై రెండేళ్లు నా పొయ్యి పక్కన పెరిగిన పిల్లాణ్ణి ఒక్క పూటలో పుట్టకుండా చేశావే!"

ఆంబ్రోస్ నోరు తెరుచుకుపోయింది. గది పోయినందుకు కాదు, పట్టుబడినందుకూ కాదు.

"నువ్వు... ఆఖరిదాకా విన్నావా?"

"ఇస్త్రీపెట్టె వదిలితే నీ కాలర్ మాడేది, అందుకు విన్నాను" అంది డోర్కస్.

మంగళవారం ఆయన కాలర్ల కోసం కొత్త గదికి వచ్చాడు. డోర్కస్ మూడు కుర్చీల్లో మంచిదాన్ని పొయ్యి దగ్గరికి జరిపి, టీకి నీళ్లు పెట్టి, ఇస్త్రీపెట్టె అందుకుంది.

"ఊఁ, మొదలుపెట్టు. పడవల దగ్గర్నుంచి. మధ్యలో ఆ పందులవాణ్ణి తీసుకొచ్చావో, టీ లేదు."